ఎనభై వోల్టులు

తేలింపుకి 47 రోజులు

మరమ్మతు షెడ్డు పనిపుస్తకం. రాసేది మైలపల్లి నూకరత్నం, వెల్డింగు మెషీన్ల రిపేరు.

ఇవాళ బాగుచేసినవి పన్నెండు. హోల్డరు పిడి పగిలినవి ఏడు, కేబుల్ తొక్క చిట్లినవి నాలుగు, ఫ్యాను తిరగనిది ఒకటి.

ఈ పుస్తకం ఎవరూ చదవరు. రోజూ రాయాలన్నది యార్డు నియమం. వారానికోసారి ఫోర్‌మన్ సంతకం పెట్టాలన్నది ఇంకో నియమం. ఆరేళ్ళుగా రాస్తున్నాను, ఇదేమిటని అడిగినవాళ్ళు లేరు. అందుకే మిగతాది కూడా ఇందులోనే రాస్తాను.

నా చెల్లెలు పోలమ్మ పోయి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. నీళ్ళ మీద తేలించడానికి కడుతున్న ముప్పై ఒకటో ఓడ అడుగున, తొమ్మిదో ట్యాంకులో, వెల్డింగు చేస్తూ పోయింది. ఇరవై ఆరేళ్ళు. విచారణ నివేదిక నిన్న క్యాంటీను గోడకి అంటించారు. "గుండె బలహీనత వల్ల సహజ మరణం" అని ఉంది. కింద యార్డు అధిపతి వేదాచలం గారి సంతకం.

పోలమ్మ సెలవు దొరికితే జెట్టీ మీంచి దూకి, మునిగిపోయిన లైట్‌హౌసు దాకా ఈదుకుంటూ వెళ్ళి, దాని గాజు గదిలో కూర్చుని జామకాయ తిని, మళ్ళీ ఈదుకుంటూ వచ్చేది. ఆ గుండె బలహీనమైనదట.

ఒంటికి స్నానం చేయించింది నేనే. మెడ కింద, ఎముక పక్కన, చిటికెన వేలి గోరంత కాలిన మచ్చ ఉంది. నివేదికలో ఆ మచ్చ లేదు.

తేలింపుకి 46 రోజులు

బాగుచేసినవి ఏడు. ఎనిమిదోది విప్పాను కానీ బాగుచెయ్యలేదు.

ఎనభై ఎనిమిదో నంబరు మెషీను ఇవాళ షెడ్డుకి వచ్చింది. "తుడిచి మళ్ళీ ఇవ్వండి" అని చీటీ కట్టి పంపారు. అది పోలమ్మది. మూత విప్పితే కాపలా డబ్బా మీద రాగి పట్టీ కనిపించింది. ఉంటుందని నాకు తెలుసు. అయినా మూత మళ్ళీ పెట్టి, నంబరు చూసుకుని, ఇంకోసారి విప్పాను.

మా మెషీన్లు అలల కరెంటుతో, అంటే ఏసీతో, నడుస్తాయి. వెల్డింగు ఆపి రాడ్డు మార్చుకుంటున్నంతసేపూ దాన్ని పట్టి ఉంచే హోల్డరులో ఎనభై వోల్టులు అలాగే నిలబడి ఉంటాయి. ఎనభై అంటే జనం నవ్వుతారు. ఇంట్లో ఫ్యానుకి వచ్చేది అంతకు మూడింతలు. కానీ పొడి బట్టలతో చెక్క మీద నిలబడినవాళ్ళ సంగతి వేరు. చెమటతో ముద్దయి, నాలుగువైపులా ఇనుమే ఉన్న ట్యాంకులో వెల్లకిలా పడుకున్నవాళ్ళ సంగతి వేరు. అందుకే ప్రతి మెషీనుకీ కాపలా డబ్బా ఉంటుంది. వెల్డింగు ఆగీ ఆగగానే అది ఎనభైని తొమ్మిదికి దించేస్తుంది. తొమ్మిది తడి చేతికి కూడా తెలియదు. మళ్ళీ రాడ్డు గీకితే డబ్బా కరెంటుని లేపుతుంది.

చిక్కల్లా ఆ లేపడం దగ్గరే. తేమలో రెండు మూడుసార్లు గీకితే గానీ నిప్పు అంటుకోదు. మనిషికి రోజుకి ముప్పావుగంట పోతోందని లెక్కగట్టారు. మూడు నెలల కిందట వేదాచలం గారి నోటిమాటగా ఆజ్ఞ వచ్చింది, డబ్బాలకి పట్టీ వెయ్యమని. పట్టీ వేస్తే డబ్బా ఉన్నా లేనట్టే. అదే వారం ట్యాంకు మాన్‌హోళ్ళ దగ్గర కాపలా కూర్చునే మనుషులని తీసేసి పై డెక్కుకి పంపించారు. పోలమ్మ ఎప్పుడు పోయిందో అందుకే ఎవరికీ తెలియదు. మధ్యాహ్నం సైరను మోగాక అన్నానికి రాలేదని వెళ్ళి చూశారు.

మొత్తం నూట ఎనభై మెషీన్లు. పట్టీలు వేసింది ఇద్దరం. ఫోర్‌మన్ చిన్నంనాయుడు నూట నలభై, నేను నలభై. ఇది కూడా రాస్తున్నాను. ఎనభై ఎనిమిది నా నలభైలో లేదు. జాబితా మూడుసార్లు చూసుకున్నాను. లేదు. నాలుగోసారి కూడా చూశాను.

తేలింపుకి 44 రోజులు

వేదాచలం గారి గదికి వెళ్ళాను. కూర్చోమన్నారు, టీ తెప్పించారు. ఆయన మాట ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది. పట్టీ సంగతి చెప్పాను. విన్నారు. లేచి కిటికీ తెర పక్కకి జరిపి, కొండ మీది శిబిరం చూపించారు.

"అక్కడ ఆరువేలమంది ఉన్నారు. పోయిన వానకి పడమటి వైపు ముప్పై గుడిసెలు జారిపోయాయి. నలభై నాలుగు రోజుల్లో తుఫాన్లు మొదలవుతాయి. ఈలోగా ఈ ఓడ తేలి, వాళ్ళు ఇందులోకి మారాలి. నువ్వైతే ఏం చేస్తావు?"

"నా సెల్లి సచ్చిపోయింది బాబూ."

"తెలుసమ్మా. బాధపడ్డాను. కానీ ఎనభై వోల్టులకి మనుషులు చావరు. ఎవర్నయినా అడుగు. నివేదిక అయిపోయింది, దాన్ని మళ్ళీ తెరిపిస్తే పని ఆగిపోతుంది."

టీ తాగలేదు. బయటికి వస్తుంటే వెనకనుంచి పిలిచారు. "నూకరత్నం, అడుగు మూత నాడు నాకిచ్చే మెషీను నువ్వే సిద్ధం చెయ్యి. నీ చేతిపని మీద నాకు నమ్మకం."

అడుగు మూత అంటే ఓడ అడుగు రేకులన్నీ కలిసిపోయే రోజు; ట్యాంకుల లోపలి గోడల అతుకులు ఆ తరవాత కూడా మిగిలి ఉంటాయి. యార్డు అధిపతి స్వయంగా చెప్పుల్లేకుండా అడుగు ట్యాంకులోకి దిగి, చివరి జానెడు అతుకు తన చేత్తో వేస్తాడు. పాత ఊరు మునిగి, మొదటి ఓడ కట్టిన రోజునుంచీ ఉన్న ఆచారం. నీళ్ళ పరీక్ష చేసిన మర్నాడే జరుగుతుంది కాబట్టి ట్యాంకులో చీలమండల దాకా ఉప్పునీళ్ళు ఉంటాయి.

"అలగే బాబూ" అన్నాను.

తేలింపుకి 41 రోజులు

బాగుచేసినవి పద్నాలుగు.

ఎనభై ఎనిమిదిని బాగుచెయ్యను. తుడిచి, రంగు వేసి, పట్టీ తియ్యకుండా ఉంచుతాను. "పనికిరాదు" అని ఎర్రచీటీ కట్టి షెడ్డు మూలన పెట్టాను. అడుగు మూత నాడు చీటీ విప్పి దాన్నే ఆయన చేతికిస్తాను.

ఇంత తేలిగ్గా రాసేస్తానని అనుకోలేదు. రాసి, ఇంకోసారి చదువుకున్నాను. అక్షరాలు వంకర కూడా పోలేదు.

తేలింపుకి 36 రోజులు

బాగుచేసినవి తొమ్మిది.

వేదాచలం గారు షెడ్డుకి వచ్చారు. మాట్లాడుతున్నంతసేపూ ఆయన చేతులే చూశాను. అరచేతులకి చెమట ఎక్కువ. ప్రతి నాలుగు మాటలకీ ఒకసారి ప్యాంటుకి తుడుచుకుంటారు. ఆయన వెళ్ళాక చాలాసేపు హాయిగా పనిచేశాను. పోలమ్మ పోయాక అన్నం రుచి తెలిసింది ఇవాళే.

తేలింపుకి 30 రోజులు

బాగుచేసినవి పది.

చిన్నంనాయుడు వారం సంతకానికి వచ్చాడు. నాకు ఈ పని నేర్పింది ఆయనే. మావయ్యా అని పిలిచేదాన్ని. పుస్తకం తీసుకున్నాడు, సంతకం పెట్టాడు, తిరిగి ఇవ్వలేదు. దాన్ని మోకాళ్ళ మీద పెట్టుకుని పీట మీద కూర్చున్నాడు.

"సదివినాను" అన్నాడు.

చేతిలో పని ఆపి ఆయన వైపు తిరిగాను.

"ఆరేళ్ళబట్టీ సదువుతన్నాను. సంతకం ఎట్టేముందు సదవాల కదా. నీ రాత బాగుంటాది."

"మరేటి సేత్తావు? ఆయనకి సెప్పేత్తావా?"

"నానేటి సేత్తాను. ఆపమని సెప్పడానికి నాకు మొకం లేదు. నూట నలబై పట్టీలు ఈ సేత్తో ఏసినాను. ఎనబై ఎనిమిది నాదే."

పుస్తకం బల్ల మీద పెట్టి లేచాడు. గుమ్మం దగ్గర ఆగాడు, ఏదైనా అంటానని చూశాడు. నేను కేబుల్ చుట్టుకుంటూ ఉండిపోయాను. ఆ నూట నలభైలో ఒకటని నాకు ముందునుంచీ తెలుసు. అయినా ఆయన నోటితో విన్నాక, ఇక మావయ్యా అని నోరు రాదు.

తేలింపుకి 26 రోజులు

ఇవాళ బాగుచేసినవి ఏమీ లేవు.

పొద్దున్నే షెడ్డు తలుపు తీస్తే మూలన ఎనభై ఎనిమిది లేదు. ఎర్రచీటీ నేల మీద పడి ఉంది. స్టోరు గుమాస్తాని అడిగాను. "నిన్న మూడు మెషీన్లు కాలిపోనాయి కదా, కొత్తగా రంగేసుంటే బాగానే ఉందని పంపేసినాను. పద్నాలుగో ట్యాంకుకి" అన్నాడు.

పద్నాలుగో ట్యాంకులో ఉండేది గంగాభవాని. చెల్లికి జంట వెల్డరు, మూడేళ్ళు పక్కపక్కనే పనిచేశారు. నలభై దాటిన మనిషి. చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతుంది, నోరు కూడా ఆ నిప్పులాంటిదే.

పట్టీ లేని మెషీను యార్డులో ఒక్కటీ లేదు, కానీ దీన్ని తెలిసి అలాగే దాచి ఉంచింది నేను. డాకు ఆ చివర్నుంచి ఈ చివరికి పరుగెత్తాను. నిచ్చెన దిగుతూ రెండు మెట్లు జారాను. పద్నాలుగో మాన్‌హోల్ దగ్గర ఎవరూ లేరు. లోపలినుంచి నీలి వెలుగు కొట్టుకుంటోంది. చూస్తుండగానే ఆగింది. ఆగిందంటే రాడ్డు మార్చుకుంటోందన్నమాట. పోలమ్మ పోయింది అలా మార్చుకునేటప్పుడే. గోడకున్న, కరెంటు తెంచే ఎర్ర పిడి పట్టుకుని కిందికి లాగాను. పిడికి వేలాడానని చెప్పాలి.

"ఎవర్తివే లైను తీసింది!"

తిట్టిందంటే బతికే ఉంది. మాన్‌హోల్ అంచున కూర్చుండిపోయాను.

భవాని పైకి వచ్చింది. హోల్డరు ఇంకా చంకలోనే ఉంది. రెండు చేతులూ ఖాళీ కావాలని రాడ్డు మార్చేటప్పుడు అందరూ అలాగే చంకలో పెట్టుకుంటారు. చెయ్యకూడని పని, కొస మెడకి తగిలేది అప్పుడే. పోలమ్మా అలాగే చేసేది. భవాని ఒంటి మీది తోలు కోటు మొన్ననే ఇచ్చినది. ఇంకా చెమట ఇంకలేదు. ఆమెని కాపాడింది ఆ కోటే.

అంతా చెప్పేశాను. పట్టీ, ఎర్రచీటీ, అడుగు మూత. విని, హోల్డరు కింద పెట్టి, చెంప మీద కొట్టింది. రెండో చెంప మీద కూడా.

"నీ సెల్లి పోనాదని నన్నట్టుకెల్లి దాని పక్కన పడుకోబెడతావేటే?"

"నీకిత్తారనుకోలేదు అక్కా."

"నాకు కాకపోతే ఇంకొకర్తికి ఇత్తారు. ఆడు సచ్చినంతమాత్రాన ఏటవుద్ది? ఇంకోడొచ్చి ఆ కుర్సీలో కూకుంటాడు. మిగతా నూట డెబ్బైతొమ్మిదికీ పట్టీలు అలగే ఉంటాయి. రేపు నాను, ఎల్లుండి ఇంకొకర్తి."

"అయితే ఆడ్ని ఒదిలెయ్యమంటావా?"

భవాని చుట్ట తీసింది, వెలిగించలేదు. "ఒదిలెయ్యమన్నానేటి? పోలమ్మ నాకు కూతురులాటిది. సచ్చినోడికి ఏటీ తెలవదు. ఆడు బతికుండగా తెలవాల. అందరి ముందరా తెలవాల."

సాయంత్రం షెడ్డులో ఎనభై ఎనిమిది మూత విప్పి పట్టీ పీకేశాను. వేళ్ళు తెగాయి. పట్టీ వేసింది చిన్నంనాయుడు కదా, గట్టిగానే వేశాడు.

తేలింపుకి 18 రోజులు

అడుగు మూత.

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను.

పన్నెండో ట్యాంకు పెద్దది, ఇరవైమంది నిలబడవచ్చు. లోపల వేదాచలం గారు, ఇద్దరు ఇంజినీర్లు, కెమెరా మనిషి, చిన్నంనాయుడు, భవాని, ఇంకొందరు వెల్డర్లు, నేను. మిగతా మూడువందలమంది బయట డాకు నేల మీద లౌడ్‌స్పీకర్ల దగ్గర నిలబడ్డారు. కొండ మీద తెర కట్టి శిబిరం జనానికి చూపిస్తున్నారు. వేదాచలం గారు తెల్ల నూలు బట్టలు వేసుకున్నారు, కాలర్‌కి చిన్న మైకు. మాన్‌హోల్‌లోంచి భుజాలు ఏటవాలుగా తిప్పి దిగేసరికే చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఉత్తి కాళ్ళతో నీళ్ళలో నిలబడి, కొండ మీదివాళ్ళకి నాలుగు మంచి మాటలు చెప్పారు. ఈ ఇల్లు మీదే అన్నారు. పోయినవాళ్ళని కూడా తలుచుకున్నారు, పేర్లు చెప్పలేదు.

నేను హోల్డరుకి రాడ్డు బిగించి ఆయన ముందుకి చాపాను. ఆయన చెయ్యి ముందుకి వచ్చింది. వేళ్ళకీ పిడికీ మధ్య బెత్తెడు దూరం.

"బాబూ, ఇది ఎనబై ఎనిమిదో నంబరు. మా పోలమ్మ మెషీను."

చెయ్యి ఆగింది. తల తిప్పి మెషీను మీద తెల్లరంగుతో రాసిన అంకె చూశారు. తరవాత నా మొహం చూశారు. గొంతు బాగా తగ్గించి, "దీనికి డబ్బా పనిచేస్తోందా?" అని అడిగారు.

ఎంత తగ్గించినా మైకుకి వినపడింది. బయట లౌడ్‌స్పీకర్లలో ఆ ప్రశ్న మోగి, ఓడ గోడలకి తగిలి, మళ్ళీ మా దగ్గరికి వచ్చింది.

"ఎనబై వోల్టులే కదా బాబూ" అన్నాను.

"డబ్బా ఉందా లేదా అని అడుగుతున్నాను."

"ఉంటేనే పట్టుకుంటారా?"

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఒక అడుగు వెనక్కి వేశారు, ఇంకొకటి వేశారు, నీళ్ళలోంచి చెక్కపలక మీదికి ఎక్కి నిలబడ్డారు. చేతులు చొక్కాకి తుడుచుకున్నారు. ఆయన ఊపిరి కూడా కొండ దాకా వినపడుతోంది.

"మాయి పేనాలు కావేటి?" అని అరిచింది భవాని. "నాలుగు నెల్లబట్టీ డబ్బాల్లేని మెషీన్లతో మమ్మల్ని పడుకోబెట్టినావు కదా! నువ్వు ఒక్క జానెడు ఎయ్యలేవా?"

నిజం రాస్తాను. ఆ క్షణంలో పట్టీ పీకేసినందుకు నన్ను నేను తిట్టుకున్నాను. పట్టీ ఉంచి, నోరు మూసుకుని హోల్డరు అందించి ఉంటే అయిపోయేది కదా అనిపించింది. అంత దగ్గరికి వచ్చిన చెయ్యి.

గ్లవ్సు విప్పి పడేశాను. నీళ్ళలో మోకాళ్ళ మీద కూర్చుని, దోసిటతో నీళ్ళు తీసి మెడ మీద పోసుకున్నాను. చెల్లికి మచ్చ ఉన్న చోటే రాడ్డు కొస ఆనించుకున్నాను. నాలుగుసార్లు మీటరు పెట్టి చూసుకున్నదాన్ని నేనే. అయినా పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. చిన్నంనాయుడు కళ్ళు మూసుకున్నాడు.

ఏమీ కాలేదు. రాడ్డు చల్లగా తగిలింది, అంతే.

"డబ్బా ఉంటే ఇంతేనర్రా" అన్నాను. "నా సెల్లికి ఇది లేకండా సేసినారు. సెయ్యమన్నది ఈయన. సేసినోల్లలో నానూ ఉన్నాను."

చిన్నంనాయుడు ముందుకి వచ్చాడు. "నానూ ఉన్నాను. నాయే ఎక్కువ" అన్నాడు.

బయట ఏదో లోహం నేల మీద పడిన చప్పుడు. తరవాత ఇంకొకటి. ఆ తరవాత లెక్కలేనన్ని. పైకి వచ్చి చూస్తే మూడువందలమందీ హోల్డర్లు, సుత్తులు, చేతిలో ఏదుంటే అది కింద పడేసి నిలబడి ఉన్నారు.

తేలింపు ఎప్పుడో తెలియదు

ఓడల మీద కాపురముండేవాళ్ళ పంచాయతీ, ఓడల వాడ సభ, ఇవాళ డాకులోనే కూర్చుంది. నా పనిపుస్తకం సభకి ఇచ్చేశాను, అన్ని పేజీలతోనూ. చదివించి విని, రాయడం ఆపొద్దని తిరిగి ఇచ్చేశారు. "చంపుతాను" అని ఎక్కడా రాయలేదు, కానీ ఎవరికీ సందేహం రాలేదు.

కొండ మీదినుంచి వచ్చిన ఒకామె లేచి మా అందరి మీదా విరుచుకుపడింది. "మీ పట్టీలు, మీ పగలు మీకు బాగున్నాయి. నిన్న కూడా మా ఎనకింటి గోడ జారిపోయింది. ఓడెప్పుడిత్తారు?"

చిన్నంనాయుడే బదులు చెప్పాడు. పట్టీలన్నీ పీకడానికి రెండు రోజులు, మాన్‌హోళ్ళ దగ్గర మళ్ళీ మనుషులని పెట్టడంతో ఇంకో రెండు రోజుల ఆలస్యం, మొత్తం నాలుగు రోజులని. ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, "నాలుగు దాటితే మీ పీకలు నానే పీకుతాను" అని కూర్చుంది.

వేదాచలం గారు తప్పు ఒప్పుకున్నారు. ఒప్పుకున్న తీరు కూడా మెత్తగానే ఉంది. ఆరువేలమందిని ఒకవైపు, మూడువందలమందిని ఒకవైపు పెట్టి చూశానన్నారు. ఆ మూడువందల్లో తనని ఎప్పుడూ కలుపుకోలేదని ఎవరో వెనకనుంచి అరిచారు.

సభ పద్ధతిలో చనిపోయినవాళ్ళ తోబుట్టువు ఏం కోరుతుందో ముందు వినాలి. సభ పెద్ద నన్ను లేపాడు. కొందరు "ఊళ్ళోంచి ఎళ్ళగొట్టు" అన్నారు, కొందరు "జైలు" అన్నారు. నెల్లాళ్ళుగా ఆయన చావు తప్ప ఇంకేదీ కోరలేదు నేను. నిలబడి ఆలోచించాను. జైలయితే పడుకుంటాడు. వెళ్ళగొడితే ఇంకెక్కడో ఇంకో కుర్చీ దొరుకుతుంది.

"తొమ్మిదో ట్యాంకు మాన్‌హోల్ కాడ కూకోబెట్టండి" అన్నాను. "ఎర్ర పిడి పక్కన. లోపలున్నోల్ల పేనం ఈయన సేతిలో పెట్టండి. పొద్దున సైరను కాడ్నించి సాయంత్రం సైరను దాకా. ఈ ఓడ తేలిపోనాక ఇంకో ఓడ కాడ. మూడు తుఫాన్లు దాటేదాకా."

ఆయన మొహంలో రంగు మొదటిసారి మారింది. ఊళ్ళోంచి పొమ్మంటారని సిద్ధపడి వచ్చినట్టున్నారు.

సభ ఒప్పుకుంది. నన్నూ వదల్లేదు. పట్టీ ఉన్న మెషీనుని దాచినందుకూ, భవాని దాకా రానిచ్చినందుకూ నా షెడ్డు తాళాలు తీసేసుకున్నారు. పోలమ్మ వదిలేసిన అతుకు పూర్తిచేసే పని నాకు వేశారు. తొమ్మిదో ట్యాంకులో. చిన్నంనాయుడు పట్టీలన్నీ పీకి, ఒక్కో మెషీనునీ ఒక్కో వెల్డరు ముందు మీటరు పెట్టి చూపించి, ఆ తరవాత పని మానుకోవాలి.

తేలింపుకి 17 రోజులు

ఆలస్యమయ్యే నాలుగు రోజులూ కలిపి కొత్తగా వేసిన లెక్క ఇది. పట్టీలు అన్నీ వచ్చేశాయి. నా నలభై నేనే పీకాను.

రేపటినుంచి అసలు పని. ఇవాళ మాన్‌హోల్ దగ్గర శిక్షణ, కరెంటు లేకుండా. నేర్పాల్సింది నేను.

వేదాచలం గారు చెక్కపీట మీద కూర్చున్నారు. ఖాకీ బట్టలు, కుడిచేతి పక్కన ఎర్ర పిడి. లోపలున్న మనిషిని రెండు నిమిషాలకోసారి పేరు పెట్టి పిలవాలి. బదులు రాకపోతే పిడి లాగాలి. ముందు పిడి, తరవాతే ఏదైనా. చెప్పాను, తిరిగి చెప్పించుకున్నాను, దిగాను.

తొమ్మిదో ట్యాంకు ఇరుకు. పోలమ్మ వేసిన అతుకు ఎడమ గోడ వెంట సన్నగా, తీరుగా వచ్చి ఒకచోట ఆగిపోయింది. దాని కింద పడుకున్నాను.

"నూకరత్నం" అని పిలిచారు. బదులివ్వలేదు.

మళ్ళీ పిలిచారు. వంగి చూశారు. ఎవరినో అడిగారు. మూడోసారి పిలిచి అప్పుడు పిడి లాగారు. నేను అంకెలు లెక్కపెడుతూ ఉన్నాను, నలభై ఒకటి.

పైకి వచ్చాను. "ఈపాటికి నాను సచ్చిపోయి ఉంటాను బాబూ. మళ్ళీ."

రెండోసారి బదులు రాకపోయేసరికి గాభరాపడి, పిడి సంగతి మరిచిపోయి, నన్ను లాగడానికి మాన్‌హోల్‌లోకి దిగబోయి నా చెయ్యి పట్టుకున్నారు.

"ఇప్పుడు ఇద్దరం పోనాం. మళ్ళీ."

అయిదోసారికి పదిహేను అంకెలు. ఎనిమిదోసారికి ఆరు. ఎండ నడినెత్తికి వచ్చింది. భవాని అన్నం తెచ్చి పెట్టింది, ఆయనకీ ఒక గిన్నె పెట్టింది. ఆయన ముట్టలేదు. అరచేతిలో నీటిబొబ్బ లేచింది. దాన్నే చూసుకుంటూ అడిగారు.

"ఆ రోజు ఆ అమ్మాయి ఎంతసేపు పిలిచి ఉంటుంది?"

"పిలవనేదు బాబూ. కరెంటు అట్టుకుంటే గొంతు రాదు. అందుకే పైనున్నోల్లు పిలవాల."

ఆయన తల వంచుకున్నారు. భుజాలు కదిలాయి. నాకు జాలి కలుగుతుందేమోనని కాసేపు ఆగి చూశాను. కలగలేదు. చేతులు కడుక్కుని లేచాను.

"ఇంకా ఎన్నిసార్లు, నూకరత్నం?"

"మీ సెయ్యి మిమ్మల్ని అడక్కండా లెగిసేదాకా."

భుజాలు తిప్పి ట్యాంకులోకి దిగాను. అతుకు కింద వెల్లకిలా పడుకున్నాను. ఇనుము వీపుకి వెచ్చగా తగిలింది. కాసేపటికి పైనుంచి పిలుపు వచ్చింది.

బదులివ్వలేదు.